ఏబెక్ నంబరు సంగతి తర్వాత, ముందు స్పేసర్ చూడండి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం పొద్దున, స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులతో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం అండీ. పిల్లలు రింక్‌లో ఉన్నారు, ఇంకో గంట దాకా బయటికి రారు, కాబట్టి తీరిగ్గానే మాట్లాడుకోవచ్చు. వెనకాల నించున్నవాళ్లు కాస్త ముందుకు రండి. నేను చూపించేవన్నీ చిన్న చిన్న వస్తువులు, దగ్గరికొస్తే తప్ప కనపడవు.

రెండు వారాల కిందట ఒకాయన వాళ్ల బాబు స్కేట్స్ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఆన్‌లైన్‌లో ‘ఏబెక్ 11’ అని రాసున్న బేరింగులు తెప్పించి, వీల్‌కి రెండు చొప్పున పదహారూ మార్పించారట. ఏబెక్ అంటే బేరింగ్ కొలతల కచ్చితత్వానికి వేసే అంకె. మార్చిన మర్నాటి నుంచి బాబు అందరికంటే వెనకబడిపోతున్నాడు, కాళ్లు నొప్పులంటున్నాడు, ఇంట్లోవాళ్లేమో వాడికి బద్ధకం పెరిగిందనుకుంటున్నారు. నేను స్కేట్ తిరగేసి వేలితో వీల్ తిప్పాను. ఒక్క చుట్టు తిరిగి టక్కున ఆగింది. అల్లెన్ కీ పెట్టి ఇరుసు స్క్రూ పావు తిప్పు వదులు చేస్తే హాయిగా తిరిగింది. మళ్లీ బిగించాను, మళ్లీ ఆగింది. వీల్ విప్పి చూస్తే రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన అల్యూమినియం గొట్టం, స్పేసర్ అంటారు, అది లేదు. పాత బేరింగులతో పాటు దాన్నీ పారేశారు, మార్చినవాళ్లకి అదేంటో తెలియదు. ఎనిమిది వీల్స్‌లోనూ అంతే. ఎనిమిదేళ్ల పిల్లాడండీ, పది రోజుల పాటు బ్రేకు పట్టేసిన బండిని తోసినట్టు తోశాడు, పైగా బద్ధకమని మాట పడ్డాడు. ఆ రోజు నాకు చాలా బాధేసింది, అందుకే ఈ మీటింగ్ పెట్టమని నేనే అడిగాను.

నా గురించి ఒక్క ముక్క. నేను ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీలో మోటార్ల మెయింటెనెన్స్ చేశాను, బేరింగులు మార్చడమే నా పని. మా అమ్మాయి స్కేటింగ్‌లో చేరాక ఇటొచ్చాను. ఈ చిన్న బేరింగ్‌ని మొదటిసారి చూసినప్పుడు, అరే ఇది మా 608 కదా, అనుకున్నాను. నిజంగా అదే. బేరింగ్ అంటే లోపలొక రింగు, బయటొక రింగు, వాటి మధ్య గాడిలో తిరిగే గోళీలు. 608 అంటే సైజు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి అంచు నుంచి అంచుకు 22, మందం 7. డ్రిల్లింగ్ మెషీన్లలోనూ చిన్న మోటార్లలోనూ ఉండేది ఇదే, ఆ మధ్య పిల్లలు వేళ్ల మీద తిప్పుకున్న స్పిన్నర్ల మధ్యలో ఉన్నదీ ఇదే. అంటే స్కేట్స్ కోసం ప్రత్యేకంగా పుట్టింది కాదన్నమాట. నాలుగు చక్రాలు రెండు వరసల్లో ఉండే క్వాడ్ స్కేట్స్‌లో కొన్నిటికి ఇరుసు 7 మిల్లీమీటర్లుంటుంది, వాటికి 627 కావాలి, అది బయటి నుంచి చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల పాత క్వాడ్స్ ఉంటే కొనేముందు ఇరుసు కొలవండి. వీల్స్ అన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ అయితే దాదాపు అన్నీ 608లే.

సరే, ఏబెక్. అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి దీని సంగతి తేల్చేద్దాం. ఏబెక్ అనేది అమెరికాలోని బేరింగ్ తయారీదారుల సంఘం కింద ఉన్న ఇంజనీర్ల కమిటీ పేరు, ఆ కమిటీ పెట్టిన కొలతల ప్రమాణమే ఇది. 1, 3, 5, 7, 9, ఇవీ అందులోని మెట్లు. 9తో అయిపోయింది. 11 అనే మెట్టే లేదు, కాబట్టి డబ్బా మీద ఆ అంకె కనపడిందంటే అమ్మేవాళ్లు ఊరికే అచ్చు వేయించారని అర్థం చేసుకోండి. ఇక ఈ మెట్లు దేన్ని కొలుస్తాయి? రింగులు ఎంత కచ్చితమైన సైజులో ఉన్నాయి, తిరిగేటప్పుడు ఎంత అటూ ఇటూ ఊగుతున్నాయి, అంతే. లోపలి రింగు ఊగడం తీసుకుంటే, ఈ సైజులో ఏబెక్ 1కి 10 మైక్రాన్ల దాకా ఒప్పుకుంటారు, ఏబెక్ 9కి ఒకటిన్నర మైక్రాన్. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అటూ ఇటూగా ఉంటుంది. అంటే వెంట్రుకలో ఏడో వంతుకీ, యాభయ్యో వంతుకీ ఉన్న తేడా కోసం మీరు డబ్బులు పెడుతున్నారు. ఆ బేరింగ్ వెళ్లి కూర్చునేది రబ్బరులాంటి పాలీయూరెథేన్ వీల్‌లో, అది పిల్లాడి బరువుకే నొక్కుకుపోతుంది, దొర్లేదేమో మన రోడ్ల మీద.

పోనీ ఆ అంకె వల్ల మిగతా నాణ్యత తెలుస్తుందా అంటే, అదీ లేదు. లోపలి గోళీలు ఎంత నున్నగా ఉన్నాయో చెప్పదు. ఉక్కు ఎలాంటిదో చెప్పదు. గోళీలకీ గాడికీ మధ్య ఎంత సందు వదిలారో, ఏ గ్రీజు పెట్టారో, దుమ్ము లోపలికి పోకుండా ఏ మూత వేశారో, వీటిలో ఒక్కటీ చెప్పదు. స్కేట్స్‌కి కావాల్సినవేమో ఇవే. అందుకే స్కేట్ బేరింగులు చేసే పేరున్న కంపెనీలు కొన్ని అసలు ఏబెక్ అంకె వేయడమే మానేశాయి, బోన్స్ వాళ్లయితే ‘స్కేట్ రేటెడ్’ అని తమ సొంత మాటే రాసుకుంటారు.

వేగం గురించి కూడా ఒక లెక్క చెప్తాను, ఎందుకంటే "సార్, మా వాడు చాలా స్పీడు, వాడికి 9 కావాలి" అని నన్ను అడిగినవాళ్లు ఈ గుంపులోనే నలుగురైదుగురున్నారు. 80 మిల్లీమీటర్ల వీల్ ఒక చుట్టు తిరిగితే పావు మీటరు ముందుకెళ్తుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి సుమారు 1,330 చుట్లు. బాగా పెద్ద పిల్లలు 110 వీల్స్‌తో గంటకి 40 కిలోమీటర్లు కొట్టినా 2,000 చుట్లు దాటవు. మామూలు 608 బేరింగ్ నిమిషానికి ఇరవై వేల చుట్ల పైనే తట్టుకునేలా చేసినది. మన పిల్లలు దాని శక్తిలో పదో వంతు కూడా వాడట్లేదు. మోటార్లలో అది రాత్రింబవళ్లు ఎంతెంత వేగంతో తిరుగుతుందో నేను కళ్లారా చూసినవాణ్ణి. వేగానికి బేరింగ్ అడ్డం కాదండీ, అడ్డమల్లా వీల్ రబ్బరు నొక్కుకుని మళ్లీ లేవడంలో పోయే శక్తి, వేగం పెరిగేకొద్దీ గాలి. రేసుల్లో పిల్లలు ఒకరి వెనక ఒకరు అతుక్కుపోయినట్టు వెళ్లేది ఆ గాలి కోసమే.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన స్కేటింగ్ రిలే జట్లు రెండు కాంస్యాలు తెచ్చాయి, 2025లో ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ చైనాలో ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ చాంపియన్‌షిప్‌లో బంగారమే గెలిచాడు. అవి చూసి మన పిల్లలకీ మంచి సామాన్లు కొనాలని మీకు అనిపించడం సహజం, నాకూ అనిపించింది. కొనండి. కానీ డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలో చెప్తాను. ముందు కాలికి సరిపోయే బూటు, తర్వాత మంచి వీల్స్, ఆ తర్వాత బేరింగ్. మరీ చౌక స్కేట్స్‌లో వీల్స్ పీవీసీ ప్లాస్టిక్‌వి ఉంటాయి, గోరుతో నొక్కితే రాయిలా ఉంటాయి, నేల మీద గరగరమంటూ జారతాయి. వాటిలో ఏ బేరింగ్ పెట్టినా దండగే. ఆ డబ్బుతో పాలీయూరెథేన్ వీల్స్ మార్చితే పిల్లలు మొదటి రోజే తేడా చెప్తారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇదిగో, ఇందాక చెప్పిన స్పేసర్ గొట్టం ఇదే. చూడ్డానికి ఇంతే, ఒక సెంటీమీటరు పొడవు. ఇది ఏం చేస్తుందో చూడండి. వీల్ మధ్యలో లోపలివైపు ఒక గట్టు ఉంటుంది, రెండు బేరింగుల బయటి రింగులు అటొకటి ఇటొకటి ఆ గట్టుకి ఆనుకుంటాయి. మీరు ఇరుసు బిగించినప్పుడు ఫ్రేము రెండు వైపుల నుంచీ లోపలి రింగులని నొక్కుతుంది. మధ్యలో స్పేసర్ ఉంటే ఆ నొక్కుడు ఒక రింగు నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి రెండో రింగులోకి పోతుంది, గోళీలకి ఏమీ తెలియదు, వాటి పాటికి అవి తిరుగుతుంటాయి. స్పేసర్ లేకపోతే? బయటి రింగులు గట్టు దగ్గరే ఆగిపోతాయి, లోపలి రింగులు మాత్రం ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. మధ్యలో గోళీలు గాడి నడుమ తిరగాల్సింది పోయి గాడి అంచు మీదికెక్కి నలుగుతాయి. ఇక ఆ బేరింగ్ ఏబెక్ 1 అయినా ఒకటే, 9 అయినా ఒకటే. ఇంకా చెప్పాలంటే, కొలతలు కచ్చితంగా ఉన్న బేరింగ్‌లో లోపల సందు కూడా తక్కువైతే, అది ఇంకా ముందే బిగుసుకుంటుంది. మొదట చెప్పిన బాబు విషయంలో జరిగింది ఇదే.

దీనికి పరీక్ష చాలా సులువు, ఇంట్లోనే చేసుకోవచ్చు. స్క్రూ కొంచెం వదులుగా ఉంచి వీల్ తిప్పండి, ఎలా తిరుగుతుందో చూసుకోండి. తర్వాత స్క్రూ పూర్తిగా బిగించి, మళ్లీ తిప్పండి. రెండుసార్లూ ఒకేలా తిరగాలి. బిగించాక మందగించిందంటే స్పేసర్ లేదు, లేకపోతే పొట్టిగా ఉంది, లేదా బేరింగ్ గట్టు దాకా పూర్తిగా కూర్చోలేదు. అది సరిచేయకుండా, స్క్రూ సగం బిగించి పిల్లల్ని పంపేవాళ్లున్నారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. సగం బిగించిన ఇరుసు స్క్రూ మెల్లమెల్లగా ఊడుతుంది, వేగంగా పోతున్నప్పుడు వీల్ జారిపోతే పళ్లు రాలతాయి. అలా పడ్డ అమ్మాయిని నేను చూశాను, గడ్డానికి కుట్లు పడ్డాయి.

స్పేసర్ మరీ పొడవైతే వేరే తంటా. బిగించాక కూడా వీల్ పక్కలకి ఊగుతుంది. కొంచెం ఊగితే కంగారు పడక్కర్లేదు, ఇలాంటి బేరింగ్‌లో వెంట్రుకవాసి ఆట ఉండటం సహజమే, అది ఉంటేనే పక్కకి వాలి తోసినప్పుడు గోళీలు సర్దుకుంటాయి. కొత్త బేరింగ్ చెవి దగ్గర ఊపితే చిన్నగా చప్పుడు చేస్తుంది, అది లోపం కాదు.

ఆ, అక్కడ మేడమ్ గారు అడుగుతున్నారు, షాపులో వీల్ వేలితో తిప్పి నిమిషం పాటు తిరిగితే మంచిదన్నారట. మంచి ప్రశ్న అండీ, ఈ పరీక్ష వల్ల చాలామంది మోసపోతున్నారు. బరువేమీ లేకుండా గాల్లో తిప్పితే ఎక్కువసేపు తిరిగేది ఎండిపోయిన బేరింగ్. లోపల గ్రీజు లేకపోతే అడ్డుకునేది ఉండదు కదా. గ్రీజు నిండుగా ఉన్న కొత్త బేరింగ్ ఐదారు చుట్లకే ఆగిపోతుంది. కానీ పిల్లాడు దాని మీద నిలబడ్డాక కథ వేరు. గ్రీజు వల్ల గాల్లో కనపడే ఆ అడ్డు శరీరం బరువు ముందు లెక్కలోకే రాదు, ఎండిపోయిన గోళీలు మాత్రం ఉక్కు మీద ఉక్కు రాసుకుని నెల తిరక్కుండా గరగరమంటాయి. వేలితో తిప్పినప్పుడు ఎంతసేపు తిరిగిందని చూడకండి. ఎలా ఆగిందో చూడండి. మెల్లగా, నున్నగా ఆగితే బాగున్నట్టు. ఒక్కసారిగా ఆగినా, వేలికి గరుకు తగిలినా విప్పి చూడాల్సిందే.

విప్పి చూపిస్తాను. ఈ బేరింగ్ మా వీధి చివరి అబ్బాయిది, వాడు రోజూ పొద్దున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళకి వెళ్లి స్కేటింగ్ చేస్తాడు. చూడండి, మూత అంచున ఒక సన్నని తీగ రింగు ఉంది, దాని కొస కిందికి పిన్నీసు దూర్చి లేపితే ఊడొస్తుంది. కళ్లకి దూరంగా పెట్టి తీయండి, ఎగిరిపోతుంది. ఇప్పుడు మూత దానంతటదే వచ్చేసింది. లోపల గోళీలు కనపడుతున్నాయా? ఏడుంటాయి, ఈ నైలాను పంజరం వాటిని సమదూరంలో పట్టుకుని ఉంటుంది. గ్రీజు కొత్తలో తేనెరంగులోనో తెల్లగానో ఉంటుంది, ఇది కాటుకలా అయిపోయింది. ఈ మూల చూడండి, మెరుస్తోంది కదా, అది ఇసుక రేణువు. మన బీచ్ ఇసుక. గోళీ దీని మీదుగా నిమిషానికి వెయ్యిసార్లు పోతుంటే గాడి ఏమవుతుందో ఆలోచించండి. వేలు పెట్టి తిప్పండి, ఇటివ్వండి... కరకరమంటోందా? దీన్ని ఇలాగే ఇంకో నెల తొక్కితే పనికిరాదు.

మన ఊళ్లో బేరింగ్ ఎంచుకునేటప్పుడు మూత చూడమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. 608 అంకె వెనక జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూతలు, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూతలు. రేకు మూతకీ లోపలి రింగుకీ మధ్య సన్నని సందు ఉంటుంది, ఇండోర్ రింక్‌లో అది చాలు. రబ్బరు మూత అంచు లోపలి రింగుని తాకుతూ ఉంటుంది, కాస్త అడ్డుకున్నట్టు అనిపించినా ఇసుకనీ తేమనీ బాగా ఆపుతుంది. బీచ్ రోడ్డులో తిరిగే పిల్లలకి నేనైతే రబ్బరు మూతే పెడతాను, అదీ గ్రీజుతో ఉన్నది. వుడా పార్కు, శివాజీ పార్కు లాంటి రింకులకే వెళ్లే పిల్లలకి రేకు మూత చాలు. ఒకవైపే మూత ఉన్నవి కూడా దొరుకుతాయి, మూత ఉన్న వైపు బయటికి ఉండేలా పెట్టుకోవాలి. పోటీలకెళ్లే పెద్ద పిల్లలు పల్చని నూనె వేసినవి వాడతారు, తప్పు లేదు, కానీ నూనె తొందరగా ఎండిపోతుంది, వాళ్లు వారం వారం విప్పి శుభ్రం చేసుకుంటారు. మీకు అంత ఓపిక, తీరిక ఉంటేనే అటు వెళ్లండి.

ఉక్కు సంగతి కూడా చెప్పాలి. మామూలు బేరింగులు క్రోమ్ స్టీలువి, అందులో క్రోమియం ఒకటిన్నర శాతమే, తుప్పు పడుతుంది. ఉప్పుగాలి ఉన్న ఊరు మనది. వాన నీళ్లలో తడిసిన స్కేట్స్ అలాగే బ్యాగులో పెట్టి మూడు రోజుల తర్వాత తీస్తే ఎర్రటి నీళ్లు కారడం నేను చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలువి దొరుకుతాయి, తుప్పుకి బాగా తట్టుకుంటాయి. సిరామిక్ అంటారు, అవి చాలా ఖరీదు, వాటిలో గోళీలు మాత్రమే సిలికాన్ నైట్రైడ్, రింగులు మామూలుగా ఉక్కువే. గోళీ తుప్పు పట్టదు, రింగు పడుతుంది. పదేళ్ల పిల్లలకి సిరామిక్ అక్కర్లేదు, ఆ డబ్బు దాచండి.

కందెన గురించి చెప్పకుండా ఉండలేను. మా తాతగారి ఎడ్లబండికి ఇరుసు పక్కనే కందెన గొట్టం వేలాడుతుండేది, ఆముదంలో మసి కలిపి, సంతకి బయల్దేరేముందు తప్పకుండా పెట్టేవారు. బండి కిర్రుమంటే ఎడ్లకి బరువని ఆయనకి తెలుసు. ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది ఏం చేస్తున్నారంటే, వీల్ చప్పుడు చేయగానే డబ్ల్యూడీ-40 కొట్టేస్తున్నారు. అది తేమని తరిమేయడానికీ పట్టేసిన నట్లు వదలడానికీ చేసినది. ఉన్న గ్రీజుని కరిగించి బయటికి తోసేస్తుంది, ఒకట్రెండు రోజులు వీల్ గాల్లో తిరిగినట్టు తిరుగుతుంది, ఆ తర్వాత లోపల ఏమీ మిగలదు. కొబ్బరినూనె అయితే అసలే వద్దు, చలికాలం పొద్దున్నే గడ్డకడుతుంది, దుమ్ముని జిగురులా పట్టుకుంటుంది.

శుభ్రం చేయడం ఇలా. మూతలు తీసి, ఒక సీసాలో కిరసనాయిలు పోసి, బేరింగులు వేసి బాగా ఊపండి. నల్లటిదంతా దిగిపోతుంది, అది పారబోసి ఇంకోసారి చేయండి. పెట్రోలు వాడకండి, వంటింట్లో అసలే వద్దు. తీసి గుడ్డ మీద ఆరబెట్టండి, చుక్క తేమ లేకుండా ఆరాలి. తర్వాత కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు, లేదా లిథియం గ్రీజు కందిగింజంత, అంతకంటే వద్దు. వేలితో తిప్పి నలుమూలలా పట్టేలా చేసి మూత వేయండి. శుభ్రం చేశాక కూడా వేలికి గరుకు తగులుతుంటే గాడి పాడైనట్టే, దాన్ని ఇక ఏ నూనే బాగుచేయదు, మార్చేయండి.

పెట్టేటప్పుడు సుత్తితో కొట్టకండి, బొటనవేళ్లతో నొక్కితే కూర్చుంటుంది. లోపలి రింగు మీద ఒక్క దెబ్బ పడితే గోళీలు గాడిలో చిన్న చిన్న గుంటలు పడేస్తాయి, కొత్త బేరింగ్ ఆ క్షణమే పాతదైపోతుంది.

ఏ కంపెనీ కొనాలని అందరూ అడుగుతారు. స్కేట్ షాపులో సెట్టు దొరక్కపోతే, లేదా మరీ ఖరీదనిపిస్తే, మోటార్ల సామాన్లు అమ్మే బేరింగ్ షాపుకెళ్లి 608-2ఆర్ఎస్ అడగండి. ఎస్‌కేఎఫ్, ఎన్ఎస్‌కే, మన జైపూర్ ఎన్‌బీసీ, వీటిలో ఏదైనా అసలుది దొరికితే నేర్చుకునే పిల్లలకి నిశ్చింతగా పెట్టొచ్చు, నేను మా అమ్మాయికి మొదటి రెండేళ్లూ అవే పెట్టాను. బిల్లు తీసుకోండి, వీటిలో కూడా నకిలీలుంటాయి. స్పేసర్లు మాత్రం పాతవి జాగ్రత్తగా దాచుకోండి, ఎనిమిది లెక్కపెట్టి డబ్బాలో వేసుకోండి.

గంట అవ్వొస్తోంది, పిల్లలొచ్చేస్తారు. ఈ బల్ల మీద రెండు అల్లెన్ కీలు, కిరసనాయిలు సీసా, పాత గుడ్డలు పెట్టాను, నా దగ్గర స్పేసర్లు ఒక పాతిక ఉన్నాయి, లేనివాళ్లకి ఇస్తాను. ఎవరి స్కేట్స్ ముందు విప్పుదాం? మేడమ్, మీ పాపవి ఇలా ఇవ్వండి. ముందు ఎడమకాలి మొదటి వీల్ బిగించి తిప్పండి, ఆ తర్వాత వదులు చేసి తిప్పండి, రెండిటికీ తేడా ఉందేమో మీరే చెప్పండి.